టీకి ముప్పావుగంటా!

కొటేషన్ చేతికి రాగానే ఆయన చివరి పేజీ తిప్పి మొత్తం ఎంతో చూశారు. ఆ తర్వాత జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

ఆయన విశాఖలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. కొటేషన్ పంపింది ఆయన మేనకోడలే. మాదాపూర్‌లో ఈవెంట్ మేనేజ్‌మెంట్ కంపెనీ నడుపుతుంది. డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ లెక్చరర్లకు విశాఖలో రెండు రోజుల సదస్సు పెట్టాలని కమిటీ అనుకున్నప్పుడు "మా పిల్ల ఉంది, చూసుకుంటుంది" అని మాటిచ్చింది మావయ్యే. 300 మంది వస్తారని అంచనా. ఇప్పుడు ఆ పిల్ల రాసిన లెక్క మీద వరసపెట్టి గీతలు కొడుతున్నదీ ఆయనే. వాళ్ల పేర్లతో మనకు పనిలేదు. వాదన మాత్రం సభలూ సదస్సులూ జరిపేవాళ్లు వినదగ్గది.

ఎల్‌ఈడీ గోడ పోయింది. ఫొటో బూత్ పోయింది. డ్రోన్ కెమెరా పోయింది. "గుమ్మంలో పూలవానా? ఇదేమన్నా రిసెప్షనా?" అంటూ దాన్నీ కొట్టేశారు. మేనకోడలు కాఫీ తాగుతూ చూస్తోందే తప్ప అడ్డుపడలేదు. పెన్ను మొదటిరోజు టైమ్‌టేబుల్ మీదికి వచ్చాక మాత్రం కప్పు కిందపెట్టింది.

"టీకి ముప్పావుగంటా!" అన్నారాయన. "పది నిమిషాలు చాలు. మిగిలిన ముప్పయ్యైదు నిమిషాల్లో ఇంకో లెక్చర్ పడుతుంది."

"పైవన్నీ కొట్టెయ్ మావయ్యా, నాకేం బాధలేదు. సగం మీ కమిటీవాళ్లు ఫోన్ చేసి పెట్టించినవే. టీ జోలికి మాత్రం రాకు. ఇందులో నేను కూర్చుని ఆలోచించి డిజైన్ చేసింది అదే."

"టీ తాగడానికి డిజైనేంటే?"

ఆయన లెక్క ప్రకారం సభంటే విషయం. విషయం గట్టిదైతే జనం గుమ్మంలో నిలబడైనా వింటారు. పసలేకపోతే పన్నీరు చల్లినా పారిపోతారు. దీనికి ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది, వెంటనే వేశారు. 1987 మార్చి 18, న్యూయార్క్‌లోని హిల్టన్ హోటల్, అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశం. అంతకుముందు ఏడాదే స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ల్యాబ్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు పింగాణీలాంటి ఒక పదార్థం అప్పటిదాకా ఎవరూ ఊహించనంత ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర సూపర్ కండక్టర్ అవుతుందని చూపించారు. కొన్ని నెలలకే హ్యూస్టన్‌లో పాల్ చూ, ఆయన సహచరులు దాన్ని 93 కెల్విన్ దాకా తీసుకెళ్లారు. అంటే చవగ్గా దొరికే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే చాలు, పని జరిగిపోతుందన్నమాట. ఆ వార్త వినడానికి దాదాపు 2,000 మంది ఒకే హాల్లోకి తోసుకొచ్చారు. పట్టనివాళ్లు బయట టీవీల ముందు నిలబడ్డారు. రాత్రి ఏడున్నరకు మొదలైన సెషన్ 51 మంది మాట్లాడాక తెల్లవారుజామున మూడుంబావుకు ముగిసింది. అప్పటికీ కొందరు కదల్లేదు. ఫిజిక్స్‌వాళ్ల వుడ్‌స్టాక్ అని దానికి పేరు పడిపోయింది.

"ఆ రాత్రి గురించి ఇవాళ్టికీ చెప్పుకుంటారు. ఏ ఈవెంట్ మేనేజర్ డిజైన్ చేశాడు తల్లీ దాన్ని?"

"51 మందీ తలా ఎన్ని నిమిషాలు మాట్లాడారు?"

"ఎక్కువమంది ఐదు."

"ఐదంటే ఐదేనని గీత గీసిందెవరు? పట్టనివాళ్ల కోసం బయట టీవీలు పెట్టిందెవరు? నా పనంతా అదే మావయ్యా. పైగా ఆ బెడ్నోర్జ్‌కీ ముల్లర్‌కీ అదే ఏడాది నోబెల్ ఇచ్చారు. అంత వార్త చేతిలో ఉంటే నన్ను పిలవక్కర్లేదు. మీ సదస్సులో అలాంటి వార్త ఏముందో చెప్పు, రేపే నా కంపెనీ బోర్డు తిప్పేస్తాను."

మావయ్య నవ్వేశారు. వాళ్ల సదస్సు అంశం కొత్త సిలబస్‌లో ప్రాక్టికల్స్ ఎలా చెప్పాలన్నది. అవసరమైన విషయమే. దానికోసం ఎవరూ తెల్లవారుజామున మూడింటిదాకా నిలబడరు.

మన సదస్సుల్లో నూటికి తొంభై అలాంటివే. విషయం మంచిదే, మాట్లాడేవాళ్లూ మంచివాళ్లే, కానీ ఒళ్లు జలదరించే కబురు ఏదీ ఉండదు. అలాంటి సభకు రైలో బస్సో ఎక్కి వచ్చిన మనిషికి ఏం ఇవ్వాలన్నదే ఇక్కడి పేచీ. వీడియోలో చూడగలిగిన ఉపన్యాసం కోసమే అయితే పాడేరు నుంచో పలాస నుంచో రావక్కర్లేదు. ఈ మాట మేనకోడలు అంటే మావయ్య దాన్ని తోసిపుచ్చలేదు, కానీ ఇంకో ఉదాహరణ తీశారు.

"సరే, 1927. బ్రసెల్స్‌లో ఐదో సాల్వే సదస్సు. ఫొటోలో ఉన్నది 29 మంది. వాళ్లలో 17 మందికి అప్పటికో ఆ తర్వాతో నోబెల్ వచ్చింది. క్వాంటమ్ మెకానిక్స్ తలరాత తేలిందక్కడ. దానికి నీ ఐస్‌బ్రేకర్ ఆటలు ఎవరాడించారు?"

"నువ్వే కదా చిన్నప్పుడు నాకు చెప్పావు, ఐన్‌స్టీన్ పొద్దున్నే టిఫిన్ దగ్గర బోర్‌ని ఒక చిక్కు ప్రశ్నతో పట్టుకునేవాడనీ, సాయంత్రం భోజనాల వేళకి బోర్ దానికి జవాబు పట్టుకొచ్చేవాడనీ?"

"హైజెన్‌బర్గ్ చెప్పిందది."

"ఎవరు చెబితేనేం. అసలు యుద్ధం జరిగింది హోటల్ బల్ల దగ్గర. నువ్వు ఆ బల్లకి పది నిమిషాలే ఇస్తున్నావు. అందులోనూ ఆరు నిమిషాలు క్యూలోనే పోతాయి."

ఇక్కడ ఆమె హారిసన్ ఓవెన్ కథ చెప్పింది. ఓవెన్ అమెరికన్. 1983లో ఒక అంతర్జాతీయ సదస్సు కోసం ఏడాది పాటు కష్టపడి ఏర్పాట్లు చేశాడు. తీరా అయ్యాక చూస్తే, వచ్చినవాళ్లకూ తనకూ కూడా అన్నిటికంటే నచ్చినవి కాఫీ విరామాలేనని తేలింది. అతని ఏర్పాట్లతో సంబంధం లేకుండా వాటంతటవే జరిగినవి అవి. మరో రెండేళ్లకు అతను సభనే తిరగేశాడు. ముందుగా అచ్చేసిన కార్యక్రమం లేదు. కుర్చీలు గుండ్రంగా వేస్తారు, ఒక ఖాళీ గోడ ఉంటుంది. మాట్లాడాలనుకున్నవాళ్లు కాగితం మీద అంశం రాసి గోడకు అంటిస్తారు, ఇష్టమైనవాళ్లు అక్కడికి పోతారు. ఓపెన్ స్పేస్ అని దానికి పేరు. అందులో 'రెండు కాళ్ల చట్టం' ఒకటి ఉంది: నేర్చుకోవడానికో నేర్పడానికో ఏమీలేని చోట కూర్చోకు, లేచి ఇంకో గుంపుకు పో.

"ఆ చట్టం మన దగ్గర ఎప్పట్నుంచో అమల్లో ఉంది," అన్నారు మావయ్య. "జ్యోతి ప్రజ్వలన కాగానే సగం హాలు ఖాళీ. కాకపోతే వాళ్లు వెళ్లేది ఇంకో గుంపులోకి కాదు, ఆర్కే బీచ్‌కి."

నవ్వు ఆపుకుని ఆయన అసలు అభ్యంతరం చెప్పారు. లెక్చరర్లకు ముప్పావుగంట వదిలేస్తే ఏం మాట్లాడుకుంటారో ఆయనకు తెలుసు: డీఏ బకాయిలు, బదిలీలు, ప్రిన్సిపాల్ మీద చాడీలు. ఒకే కాలేజీ నుంచి వచ్చిన నలుగురూ ఒకేచోట నిలబడతారు. ఒంటరిగా వచ్చినవాడు ఫోన్ చూసుకుంటూ గోడకు ఆనుకుంటాడు. ఖాళీ టైమ్ ఇచ్చినంత మాత్రాన పరిచయాలు కావు.

ఈ దెబ్బ సరిగ్గా తగిలింది. ఖాళీ గంట దొరికితే చాలు మనుషులు కలిసిపోతారనుకోవడం ఈవెంట్ కంపెనీలు తరచూ చేసే పొరపాటే. కార్యక్రమంలో 'నెట్‌వర్కింగ్' అని ఒక గడి గీస్తారు, ఆ గంటలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలో అతిథుల అదృష్టానికి వదిలేస్తారు. మేనకోడలు దీనికి సిద్ధపడే వచ్చింది. ఆమె బ్యాగ్‌లోంచి తీసినవి రెండు మెడకార్డులు.

ఒకటి మామూలుది. పైన సంస్థ చిహ్నం, దాని కింద స్పాన్సర్ల చిహ్నాలు, వాటి కింద సదస్సు పేరు మూడు వరసల్లో. అట్టడుగున మనిషి పేరు, చదవాలంటే ఛాతీకి ముఖం ఆనించాలి. అటు తిరిగితే ఖాళీ. ఆ కార్డు ఎప్పుడూ తిరిగే ఉంటుంది, అదేం శాపమో. రెండోదాంట్లో మనిషి పేరు నాలుగు అడుగుల దూరం నుంచి కనిపించేంత పెద్దగా, రెండు వైపులా ఉంది. పేరు కింద ఊరు. దాని కింద ఒక వాక్యం. రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడిగి రాయించింది: 'మీ ల్యాబ్‌లో ఇప్పటికీ సరిగా రాని ప్రయోగం ఏది?'

"ఇది బాగుంది," అన్నారాయన ఒప్పుకోలుగా. "న్యూటన్ రింగ్స్ అని సగం మంది రాస్తారు."

"రాస్తే మంచిదే. టీ దగ్గర న్యూటన్ రింగ్స్‌వాళ్లంతా ఒక బల్ల. బాగా వచ్చినవాడు ఒక్కడు దొరికినా చాలు, రానివాళ్లు వాణ్ని వదలరు."

ఆమె ఇంకో నియమం కూడా చెప్పింది. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల సదస్సు రైట్ ది డాక్స్ నిర్వాహకుల్లో ఒకరైన ఎరిక్ హోల్షర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పాక్‌మ్యాన్ నియమం అంటారు. వీడియో గేమ్‌లో నోరు తెరుచుకుని తిరిగే పసుపు బొమ్మ గుర్తుంది కదా. గుంపుగా నిలబడి మాట్లాడుకునేవాళ్లు పూర్తి వలయం కట్టకుండా ఒక మనిషి పట్టేంత ఖాళీ ఆ బొమ్మ నోటిలా వదలాలి. ఆ ఖాళీలోకి ఎవరైనా వచ్చి నిలబడితే, ఇంకో ఖాళీ చెయ్యాలి. రూపాయి ఖర్చు లేదు. ప్రారంభంలో మైకులో ఒకసారి చెప్పడమే.

అప్పుడు మావయ్య వాదాన్ని ఇంకో వైపు తిప్పారు. నిజానికి ఆయన వాదంలో బలమంతా ఇక్కడే ఉంది.

"గుర్తుండిపోయే సభ, గుర్తుండిపోయే సభ అంటావు. గుర్తుండటం గొప్పేమిటే? 2017 నవంబర్‌లో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అయింది. ఎవర్నడిగినా ఇవాంకా ట్రంప్ వచ్చింది, మిత్ర అనే రోబో వేదిక మీదికి వచ్చింది, ఫలక్‌నుమాలో విందు అయింది అంటారు. ఊళ్లో భిక్షాటన నిషేధించారని కూడా గుర్తుంటుంది. లోపల ఏం చర్చించారో ఒక్కడు చెప్పమను. 1975 ఏప్రిల్‌లో అదే ఊళ్లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు అయ్యాయి. వాటి ఊరేగింపులు చూసినవాళ్లు ఇవాళ ఎంతమంది మిగిలారు? కానీ ఆ సభల ఫలితంగా అంతర్జాతీయ తెలుగు సంస్థ వచ్చింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అది అందులో కలిసింది. సభ జ్ఞాపకం కాదు మిగలాల్సింది, సభ చేసిన పని."

మేనకోడలు కాసేపు ఆలోచించి, తన వృత్తివాళ్లంతా నమ్ముకున్న ప్రయోగాన్ని బయటికి తీసింది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ప్రచురించినది. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, దానికి తోడు మరో అర నిమిషం. ఆ అర నిమిషంలో నీళ్లు నెమ్మదిగా 15 డిగ్రీలకు చేరతాయి, కాస్త నయమే గానీ బాధ బాధే. మూడోసారి ఏది కావాలో ఎంచుకోమంటే ఎక్కువమంది పొడుగు బాధనే కోరుకున్నారు. అనుభవంలో తారస్థాయికి వెళ్లిన క్షణం, ముగిసిన తీరు, ఈ రెండే మనసులో నిలుస్తాయి, నిడివి పెద్దగా లెక్కలోకి రాదన్నది దాన్నుంచి తీసిన సూత్రం.

"చూశావా, ముగింపు బాగుండాలి!"

"చూశాను. అది నా పక్షం సాక్ష్యం," అన్నారు మావయ్య తాపీగా. "ఎక్కువ బాధపడ్డవాడు, చివర్లో కాస్త ఊరట దొరికిందని, మళ్లీ అదే కావాలన్నాడు. జ్ఞాపకం మోసం చేస్తుందనే కదా దానర్థం? అంటే రెండు రోజులు చెత్త వినిపించి, ఆఖర్న ఆర్కెస్ట్రా పెట్టి, రాజుగారి బిర్యానీ వడ్డిస్తే, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకి ఐదు వేసి వెళ్తారు. మీ కంపెనీలు చేస్తున్నది అదే."

ఆమె దగ్గర వెంటనే జవాబు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, ఆయన చెప్పింది నిజం. కార్పొరేట్ సదస్సుల్లో గాలా డిన్నర్ ఎందుకు చివరి రాత్రే ఉంటుందో తెలిసినవాళ్లెవరూ కాదనరు. ఆ సూత్రం కత్తిలాంటిది. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి పని చేస్తుంది.

కాసేపటికి ఆమే అడిగింది. "అయితే ముగింపును నిజాయితీగా వాడుకున్న సభ చెప్పనా? నీ 1975లోదే."

ఆ ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరాన ఆసిలోమార్ అనే చోట దాదాపు 140 మంది కలిశారు, ఎక్కువమంది జీవశాస్త్రవేత్తలు. ఒక జీవి డీఎన్‌ఏను ఇంకో జీవిలోకి అతికించే పద్ధతి అప్పుడే చేతికొచ్చింది. దాని ప్రమాదాలకు భయపడి శాస్త్రవేత్తలే కొన్ని ప్రయోగాలు ఆపుకుని కూర్చున్నారు. మళ్లీ మొదలుపెట్టాలంటే ఏ నియమాలతో? మొదటి రోజులంతా వాదులాట. ఎవరి ప్రయోగం వాళ్లకు సురక్షితమే అనిపించింది. పాల్ బెర్గ్, తోటి నిర్వాహకులు మూడో రోజు సాయంత్రం న్యాయవాదులతో మాట్లాడించారు. ప్రమాదం జరిగితే చట్టం దృష్టిలో బాధ్యులెవరో వాళ్లు విడమర్చి చెప్పారు. హాల్లో గాలి మారిపోయింది. ఆ రాత్రి నిర్వాహకులు నిద్రమానుకుని ముసాయిదా రాసి, పొద్దున్నే అందరి ముందూ పెట్టారు. కొద్దిమంది మినహా అంతా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలకు పునాది అదే.

"న్యాయవాదుల్ని మొదటిరోజు పొద్దున్నే పెట్టి ఉంటే?" అంది మేనకోడలు. "ఎవడూ వినేవాడు కాదు. ఆ సాయంత్రం వరకూ ఆపారు. చివరి పూట వందన సమర్పణకి కాకుండా నిర్ణయానికి అట్టిపెట్టారు. పని మిగిలింది, మనుషులకి గుర్తూ ఉంది. రెంటికీ శత్రుత్వం లేదు మావయ్యా."

ఆయన పెన్ను మూత పెట్టారు. వాదం అయిపోయిందని కాదు. టైమ్‌టేబుల్లో రెండో రోజు సాయంత్రం గడిని చూసి ఆయనే ఒక సంగతి ఎత్తారు. వందన సమర్పణ, జ్ఞాపికల ప్రదానం, సర్టిఫికెట్ల పంపిణీ నాలుగున్నరకు ఉన్నాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సినవాళ్లు మూడున్నరకే సంచులు సర్దుకుంటారు. ఆఖరి ఉపన్యాసం ఎవరిదైతే వాళ్లకు వినేవాళ్లు కమిటీ సభ్యులూ మైకు కుర్రాడూ. సర్టిఫికెట్లు పొద్దున్న రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే ఇచ్చెయ్యాలనీ, రెండో రోజు మధ్యాహ్నం భోజనాలతో సభ ముగించాలనీ ఆయనే రాశారు. మేనకోడలు దాన్ని గురించి ఏమీ మాట్లాడలేదు, నోట్ చేసుకుంది.

ఆయన తర్వాతి మాట ఆమెను ఓడించడానికే అన్నది. "ఇన్ని చెప్పావు. మా చిన్నప్పుడు అష్టావధానానికి వెళ్తే మూడు గంటలు కదిలేవాళ్లం కాదు. ఒక మనిషి, ఒక చాప, ఎనిమిది మంది పృచ్ఛకులు. ఏ డిజైనూ లేదు."

"అయ్యో మావయ్యా, అంతకంటే గట్టి డిజైన్ నేనింతవరకూ చూళ్లేదు."

ఆమె చెప్పింది వింటే అవధానం చూసినవాళ్లెవరైనా అవుననాల్సిందే. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు మొదట్లోనే అడ్డదిడ్డమైన పాదం ఒకటి విసురుతాడు. అవధాని ఒక్క పాదం చెప్పి ఆపేసి దత్తపది వైపు తిరుగుతాడు. మిగతా పాదాలు బాకీ. అక్కడా ఒక్క పాదమే. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం అనగానే తర్వాతది ఏది రాకూడదో పృచ్ఛకుడు అడ్డం కొడుతుంటాడు. ఎక్కడో గంట మోగుతుంది, దాన్ని లెక్కపెట్టాలి. అందరి బుర్రలూ వేడెక్కే సమయానికి అప్రస్తుత ప్రసంగి అల్లరి ప్రశ్నొకటి వేస్తాడు, సభంతా గొల్లుమంటుంది. అంటే అలసటకి మందు కార్యక్రమంలోనే ఉంది. ఆఖర్న ధారణ. అన్ని పద్యాలూ వరసగా, కాగితం లేకుండా. అసలు పరీక్ష చివరి పావుగంటలో ఉంది కాబట్టి ఎవరూ బస్సు టైమ్ చూసుకోరు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ ప్రక్రియకు అంత జనాన్ని తెచ్చారంటే ఊరికే కాదు.

2010 ఆగస్టులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ జరిగినప్పుడు కూడా దాదాపు ఇలాంటిదే ఒకటి చేశారు. ఫీల్డ్స్ మెడల్స్ ఇచ్చే సభ అది, నాలుగేళ్లకోసారి వస్తుంది. మధ్యలో ఒకరోజు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే 40 మందితో ఒకేసారి చదరంగం ఆడాడు. 39 గెలిచాడు, ఒక 14 ఏళ్ల కుర్రవాడు డ్రా చేశాడు. ఆ సభలో చదివిన పత్రాలు అర్థం కావాలంటే ఆ రంగంలో పదేళ్లు పనిచేసి ఉండాలి. 40 బల్లల మధ్య ఆనంద్ నడక అందరికీ అర్థమైంది.

"అవధానంలో ఆడేది ఎనిమిది మందే," అన్నారు మావయ్య. "కింద కూర్చున్నవాళ్లం చూసేవాళ్లమే."

"నిజం చెప్పు. సమస్య ఇవ్వగానే నువ్వు మనసులో పూరించే ప్రయత్నం చెయ్యలేదూ?"

చేశానన్నారు. చేసి, అవధాని పూరణతో పోల్చుకునేవాళ్లమన్నారు. తనది కుదరకపోయినా అతనిది ఇంకా బాగా గుర్తుండేదని కూడా అన్నారు. అన్నాక ఒక్క క్షణం ఆగి, తన వృత్తిలోంచే ఆమెకు కావలసిన సాక్ష్యం ఆయనే ఇచ్చారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేస్తాడు. విద్యార్థులు ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాడికి తన జవాబు ఎందుకు సరైందో నచ్చజెప్పాలి. మళ్లీ ఎంచుకోవాలి. ఆ రణగొణ ధ్వని ఉన్న తరగతిలో విద్యార్థులు వట్టి ఉపన్యాసం విన్నవాళ్లకంటే ఎక్కువ నేర్చుకున్నారని మజూర్ తరగతులే చూపించాయి. మేనకోడలు దీనికి ఇంకొకటి జతచేసింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లది.

సదస్సు విషయంలో లెక్కలోకి వచ్చేది ఆ వారమే. హాలు బయట ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి ఐదు నిమిషాలనే కొలుస్తుంది.

ఇక ప్రశ్నల సంగతి. ప్రతి ఉపన్యాసం తర్వాత ఐదు నిమిషాలు ప్రశ్నలకని మావయ్య రాశారు. మేనకోడలు పదిహేను అడిగింది, పైగా మొదటి ప్రశ్న సీనియర్ ప్రొఫెసర్లు వెయ్యకూడదంది. ఆయనకు చిర్రెత్తింది. 2018లో అచ్చైన ఒక పరిశోధనను ఆమె అడ్డం పెట్టింది: 10 దేశాల్లోని 35 సంస్థల్లో దాదాపు 250 సెమినార్లను గమనిస్తే, హాల్లో ఆడా మగా సమానంగా ఉన్నా ప్రశ్నలు ఎక్కువగా మగవాళ్లే అడిగారు. మొదటి ప్రశ్న మగవాడు వేసిన చోట ఆ తేడా ఇంకా పెరిగింది. ప్రశ్నలకు ఎక్కువ సేపు ఇచ్చిన చోట తగ్గింది. "మీ 300 మందిలో సగం ఆడవాళ్లే కదా, సీనియర్లేమో ఎక్కువగా మగవాళ్లు," అంది. పది నిమిషాలకు బేరం కుదిరింది. సీనియర్ల నోరు కట్టే నియమాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి టాయిలెట్ల దగ్గరికి వచ్చారు. ఫంక్షన్ హాళ్లలో అవి ఎక్కడ, ఎన్ని, ఏ స్థితిలో ఉంటాయో పాఠకులకు చెప్పనక్కర్లేదు. చంటిబిడ్డతో వచ్చే తల్లికి ఒక గది, చక్రాల కుర్చీకి ర్యాంపు, తాగునీళ్లు మూడు చోట్ల, భోజనాల బల్లలకు రెండువైపులా వడ్డన. వీటి మీద ఆయన ఎర్ర పెన్ను అసలు కదల్లేదు. కొట్టేసిన ఎల్‌ఈడీ గోడ డబ్బులు వీటికి మళ్లించమన్నారు.

ఒకచోట మాత్రం ఇద్దరూ ముఖాలు మాడ్చుకున్నారు. ప్రారంభ సభ. మేనకోడలు అరగంట ఇచ్చింది. వేదిక మీద నాలుగు కుర్చీలు. మావయ్య దగ్గరున్న జాబితాలో పద్నాలుగు మంది పెద్దలున్నారు. ఒక్కొక్కరికి శాలువా, పూలగుత్తి, జ్ఞాపిక, రెండు మాటలు. ముఖ్య అతిథి ఎప్పుడొస్తారో ఆయన పీఏకే తెలియదు. "వీళ్లను కాదంటే సదస్సుకు హాలే దొరకదే," అన్నారాయన, అబద్ధం కాదు. "ముఖ్య అతిథి కోసం 300 మందిని గంటన్నర కూర్చోబెడితే ఆ రోజు మళ్లీ లేవదు," అంది ఆమె, అదీ అబద్ధం కాదు. చివరికి కుర్చీలు ఏడయ్యాయి. అతిథి వచ్చినా రాకపోయినా తొమ్మిదిన్నరకు మొదటి ప్రయోగం మొదలవుతుందనీ, ఆయన ఎప్పుడొస్తే అప్పుడు పది నిమిషాలు ఆపి దీపం వెలిగిస్తారనీ రాసుకున్నారు. మావయ్య ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి చాలాసేపు తటపటాయించారు.

టీకి ముప్పావుగంట నిలిచింది. ఈ వ్యాసం రాస్తున్నవారి ఓటు ఆ ముప్పావుగంటకే. అలంకరణల మీద మావయ్య కొట్టిన గీతలన్నిటికీ కూడా. వాటితో పాటు సీనియర్ల మొదటి ప్రశ్న కూడా పోయుంటే ఇంకా బాగుండేది.

సదస్సులు జరిపేవాళ్లకు ఒక విన్నపం. ఆహ్వాన పత్రిక అచ్చుకు ఇచ్చే ముందు, వేదిక మీద ఉన్నవాళ్లు మాట్లాడటానికి మొత్తం ఎన్ని నిమిషాలు కేటాయించారో, కింద కూర్చున్నవాళ్లు మాట్లాడటానికి ఎన్ని నిమిషాలు ఉన్నాయో రెండు అంకెలు పక్కపక్కన రాసి చూడండి. రెండోది మొదటిదాంట్లో మూడో వంతైనా లేకపోతే, దయచేసి అచ్చు ఆపించండి.